మా నాన్న అనని మాట

ఆ శ్రావణంలో మా నాన్న ఒక మాట అన్నాడని లోకమంతా చదువుకుంది. ఆయన అనలేదని మాకు తెలుసు, మా మగ్గానికి తెలుసు. మగ్గానికి నోరు లేదు. మాకు ఉంది గానీ మా నోటికి విలువ లేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చల్లారితే మర్చిపోతానేమోనని మండనిస్తూనే ఉన్నాను.

మాది హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, ఆటో ఎక్కి, కాలువ గట్టు వెంట లోపలికి వెళ్తే వచ్చే నేతపని వాళ్ళ పేట. మా నాన్న చౌడయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడంటే అన్నం వేళకి తప్ప లేవడు. మా అమ్మ నాగమల్లేశ్వరి ఆయన పక్కనే కండెలకి నూలు చుడుతూ ఉంటుంది. నేను బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాను.

ఏటా ఆషాఢం చివర్లో నాన్న చీరల మూట తీసుకుని బెజవాడ గవర్నర్‌పేటలో అబ్దుల్ రవూఫ్ గారి బట్టల కొట్టుకి వస్తాడు. హాస్టల్ నుంచి నేనూ వెళ్తాను. రవూఫ్ గారికి ఒక అలవాటు ఉంది. మూట విప్పి చూడరు. దాని మీద అరచెయ్యి పెట్టి "బిస్మిల్లా" అంటారు, మూట లోపలికి వెళ్ళిపోతుంది. శ్రావణ మాసపు బేరాలకి చౌడయ్య మూటే బోణీ అని ఆయన నమ్మకం. ఆ చెయ్యి పడేదాకా నాన్న నిలబడే ఉంటాడు. పడ్డాక కూర్చుని టీ తాగుతాడు. నా చిన్నప్పటి నుంచీ ఇదే వరస.

ఆ ఏడు చెయ్యి పడలేదు.

"జాహిద్‌తో మాట్లాడు చౌడయ్యా. కొట్టు ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు," అని రవూఫ్ గారు తస్బీ పూసలు తిప్పుకుంటూ అటు తిరిగి కూర్చున్నారు.

జాహిద్ ఆయన కొడుకు. చీరల ఫొటోలు ఫోన్లో పెట్టి ఎక్కడెక్కడి ఊళ్ళకో పంపుతుంటాడు. చెడ్డవాడేం కాదు. సంగతి నోటితో చెప్పలేక ఫోను నా చేతికిచ్చాడు.

"నువ్వే చదువు మాధురీ. చీరలు వెనక్కి పంపించేవాళ్ళు ఇది కూడా జతచేసి పంపిస్తున్నారు."

మా ఊరి చీరలు చేతిమగ్గం మీద నేసినవేనా అని ఎవరో ఫోన్ని అడిగితే, అది చెప్పిన జవాబు. ఈ గ్రామంలో చేతిమగ్గాలు దాదాపు లేవు, చీరలన్నీ పవర్‌లూమ్ మీదే తయారవుతున్నాయి అని ఉంది. దాని కింద రుజువుగా ఒక మనిషి చెప్పిన మాట. పైకే చదవడం మొదలుపెట్టాను, మధ్యలో ఆపలేకపోయాను.

"కూతుర్ని విజయవాడలో డిగ్రీ చదివిస్తున్న నేత కార్మికుడు చౌడయ్య ఇలా అన్నారు. మగ్గం ఎప్పుడో తీసేశాను. పవర్‌లూమ్ మీద నేసి, చేనేత అని చెప్పి అమ్ముకుంటున్నాం. కొనేవాళ్ళలో ఎవరొచ్చి చూస్తారు కనక."

"ఎవరే ఆ చౌడయ్య?" అన్నాడు నాన్న.

మా పేటలో మగ్గం మీద కూర్చునే చౌడయ్య ఇంకొకడు లేడు. బెజవాడలో చదివే కూతురున్న చౌడయ్య అసలే లేడు. నేను ఫోను జాహిద్‌కి తిరిగిచ్చేసరికి ఆయనకే అర్థమైంది.

"బాబాయ్, మీరు మోసం చేశారని నేననట్లేదు," అన్నాడు జాహిద్. "చేనేత అన్న మాట తీసేసి ఉత్త కాటన్ చీరలని పెడతాను, పోతాయి. కాదంటే ఫోన్లో ఆ ముక్క సరిచేయించుకురండి. ఆ రోజే మూట దింపించుకుంటాను."

నాన్న రవూఫ్ గారి వంక చూశాడు. రవూఫ్ గారు పూసల వంక చూసుకున్నారు. ఆ మనిషికి తెలియదా? మా తాత చేతి చీరకీ మా నాన్న చేతి చీరకీ తేడా చీకట్లో కూడా చెప్పగలిగిన మనిషి. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నాన్న మూటకున్న ముడి విప్పి, మళ్ళీ గట్టిగా బిగించి, భుజానికెత్తుకున్నాడు. టీ వచ్చింది గానీ ఎవరూ తాగలేదు.

బస్టాండుకి నడుస్తూ దారిలో ఆగి నన్ను అడిగాడు.

"నేనెక్కడన్నా నోరు జారానంటావా అమ్మాయ్? ఏ పెళ్ళిలోనో, ఏ టీ కొట్టు దగ్గరో?"

నాకు కోపం తెప్పించింది అదీ. కొట్లో వాళ్ళకి అనుమానం వచ్చిందంటే సరే, వ్యాపారం. తన నోటి మీద తనకే అనుమానం వచ్చేలా చేశారు మా నాన్నకి. ఆయన్ని బస్సెక్కించి, అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోను తీశాను.

ఆ జవాబు కింద చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. నొక్కితే ఆ ముక్కని ఎక్కడి నుంచి తెచ్చిందో ఆ చోటికి తీసుకెళ్తుంది. చీరలు వెనక్కి పంపినవాళ్ళలో ఒక్కరూ దాన్ని నొక్కి ఉండరు. నేను నొక్కాను. మా కాలేజీ వెబ్‌సైట్ తెరుచుకుంది. మా ఊరి చేనేత మీద విద్యార్థుల ప్రాజెక్టు, ప్రథమ బహుమతి అని ఎర్రటి రిబ్బను బొమ్మ. రాసింది శాలిని. రోజూ నా పక్కన కూర్చుని, నా టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టే శాలిని.

ఆ ప్రాజెక్టు సంగతి కాస్త చెప్పాలి. మొదటి ఏడు అయ్యాక వేసవి సెలవుల్లో మేమంతా తలా ఒక ఊరు ఎంచుకుని, ఇల్లిల్లూ తిరిగి, మనుషుల్ని అడిగి, రిపోర్టు రాసివ్వాలి. నేను మా పేట మగ్గాల మీద రాస్తానని మా గైడు వేణుగోపాల్ సార్ దగ్గరికి వెళ్తే ఆయన ఒప్పుకోలేదు. "సొంత ఊరు వద్దమ్మా. మనవాళ్ళ గురించి మనం రాస్తే పక్షపాతం వస్తుంది," అన్నారు. సరేనని నేను హాస్టల్ చుట్టుపక్కల వీధుల్లో చెత్త ఎత్తే పద్ధతి మీద రాశాను, ముక్కుకి చున్నీ కట్టుకుని తిరిగి. ఊరి గురించి తెలుసు కాబట్టి నేను పనికిరాలేదు. ఏమీ తెలియదు కాబట్టి శాలిని పనికొచ్చింది.

మర్నాడు క్యాంటీన్లో దాని ఎదురుగా కూర్చున్నాను.

"మా ఊరెప్పుడొచ్చావే?"

"మీ ఊరా? నువ్వెప్పుడు తీసుకెళ్ళావని," అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపింది. "ప్రాజెక్టు గురించా? అందరూ అంతేగా మాధురీ. ఆ ఎండల్లో ఎవరు తిరిగారు? సీనియర్ల కాపీ ఒకటి దొరికింది, నేత ఊరిది. ఊరి పేరు మార్చాలిగా, నాకు తెలిసిన నేత ఊరు మీదొక్కటే."

"మా నాన్న పేరెందుకు పెట్టావు?"

"ఇంటర్వ్యూ దగ్గర పేరు ఖాళీగా ఉంది. ఏదో ఒక పేరు, ఓ ముక్క పరిచయం రాయాలి. మీ నాన్నగారి పేరు అచ్చులో చూస్తే నువ్వు సంతోషపడతావనుకున్నా. చూపిద్దామనుకుంటూనే మర్చిపోయా."

"ఆ పేరు కింద ఏముందో చదివావా?"

చదవలేదు. అది చెప్పకముందే తెలిసింది. ఫోను దాని ముందు పెట్టాను. చదివింది. చెయ్యి నా టిఫిన్ డబ్బా మూత మీదే ఉండిపోయింది. చెంప పగలగొట్టేదాన్నే. డబ్బా లాక్కుని లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం రిపోర్టు మొత్తం చదివాను. మా ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయాయట. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని తాగునీటికి మైళ్ళు నడుస్తున్నారట. కాలువ పొంగితే మా వాకిట్లోకి చేపపిల్లలు వస్తాయి. వానాకాలం మగ్గం గుంటలో నీరు ఊరితే నాన్న డబ్బాతో తోడి పారబోసి, ఆరేదాకా పని మానుకుని కూర్చుంటాడు. అలాంటి ఊరికి కరువు తెచ్చిపెట్టారు. ఒక్కడంటే ఒక్కడు, ఇదేంటి, కృష్ణా డెల్టాలో ఈ కరువేంటి అని అడగలేదు. పైగా బహుమతి.

వేణుగోపాల్ సార్ గదిలో నాకు కుర్చీ చూపించి మర్యాదగానే మాట్లాడారు. మర్యాదకేం లోటు లేదు.

"మీ నాన్నగారు ఆ మాట అనలేదని నువ్వంటున్నావు. ఆధారం?"

"మా నాన్నే సార్."

"అది ఆధారం కాదమ్మా. ఈ విషయంలో ఆయనకి సొంత ప్రయోజనం ఉంది. నువ్వేమో ఆయన కూతురివి. అచ్చయినదేమన్నా ఉందా? పుస్తకం గానీ, పత్రం గానీ, ప్రభుత్వ నివేదిక గానీ?"

"అచ్చయిందే అబద్ధం సార్."

"అదే అమ్మా, అబద్ధమనడానికి ఆధారం?"

గోడకి చెప్పుకోవడం నయం. సార్ కంప్యూటర్ నా వైపు తిప్పారు. ఆయన కూడా వెతికి పెట్టుకున్నారు పాపం. "ఇదొక్కచోటే ఉంటే నేనూ అనుమానించేవాణ్ణే. చూడు, ఇంకో నాలుగైదు చోట్ల ఇదే ఉంది. ఇంతమందీ తప్పు రాస్తారా?"

నేను లేచి, ఆయన మౌస్ నేనే పట్టుకుని, ఒక్కోదాని అడుగున ఉన్న లింకు నొక్కాను. మొదటిది నొక్కితే మా కాలేజీ పేజీ వచ్చింది. రెండోది నొక్కితే మా కాలేజీ పేజీ వచ్చింది. ఇంకోటి మొదటిదాన్ని చూపించింది, అది మళ్ళీ మా కాలేజీకే తెచ్చింది.

"ఇవన్నీ మన దగ్గర ఎత్తుకుపోయినవే సార్."

"అంటే మన రిపోర్టుకి అంత గుర్తింపు వచ్చిందన్నమాట," అన్నారు సార్. వెటకారం కాదు. నిజంగానే అన్నారు, మొహం వెలిగింది కూడా.

బోర్లు ఎండిపోయిన సంగతి చదివారా అని అడిగాను. అన్ని వందల రిపోర్టులు ఒక్కణ్ణే దిద్దుతున్నానమ్మా అన్నారు. చివరికి దయతలిచి ఒక దారి చెప్పారు. "శాలినినే పంపించు. మీ నాన్నగారి దగ్గర మళ్ళీ ఇంటర్వ్యూ తీసుకోమను. నువ్వు తీసుకుంటే చెల్లదు. అది తెస్తే కింద సవరణ వేద్దాం."

నా ఇంటి నిజం నేను చెప్తే చెల్లదు. నా ఇంటి మీద అబద్ధం రాసినదే వచ్చి నిజం కూడా రాసిపెట్టాలి. దొంగ చేతికే తాళాలిమ్మన్నారు. ఇంతకన్నా దారి లేక, మాట్లాడటం మానేసిన మనిషిని మళ్ళీ పిలిచాను. శాలిని వెంటనే వస్తానంది.

శ్రావణంలో రెండో ఆదివారం. వాన పడి వెలిసింది. ఆటో దిగి గట్టు మీద నడుస్తుంటే ఇంకా ఇల్లు రాకముందే మగ్గం చప్పుడు వినపడింది. శాలిని ఆగిపోయింది. "ఇదేనా?" అంది. ఇదే, నువ్వు తీసేయించిన మగ్గం ఇదే అన్నాను. తలదించుకుని నా వెనక నడిచింది.

అమ్ముడుపోని మూట మంచం మీద అలాగే ఉంది. పక్కన నాన్న కొత్త చీర నేస్తున్నాడు. ఎవరు కొంటారని నేస్తున్నావు అని అమ్మ ముందురోజే అడిగిందట. ఖాళీగా కూర్చుంటే నిజంగా మానేసినట్టే కదా అన్నాడట.

"నమస్తే అంకుల్. నేను శాలినిని," అంది అది గడప దగ్గర నిలబడి. ఫోను రికార్డింగులో పెట్టి ముందుకి పట్టుకుంది. "మీ మాటలు రాసుకోవడానికొచ్చానండి."

నాన్న అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపాడు. "నా మాటలు రాసేశావుగా తల్లీ. ఇంకేం మిగిలాయి?"

"అది తప్పండి అంకుల్. ఈసారి నిజం రాస్తాను. మీరు చెప్పండి."

"నిజం చెప్తాను సరే. దాని కింద ఎవరి పేరు రాస్తావు?"

శాలిని ఫోను అలాగే పట్టుకుని నా వైపు చూసింది. నాన్న కాలి కింద చెక్క తొక్కి, మళ్ళీ నేతలో పడ్డాడు. ఆ ఫోను మా మగ్గం చప్పుడు ఎంతసేపు రికార్డు చేసుకుందో నాకు తెలియదు. ఆయన మళ్ళీ నోరు విప్పలేదు. ఆయన కోపం అంతే. నాలా అరిచే రకం కాదు.

నాకు ఇంకా మండిపోయింది ఎక్కడంటే, దాన్ని భోజనం పెట్టకుండా పంపనంది మా అమ్మ. పెట్టింది. వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి, తాంబూలంలో నాన్న నేసిన జాకెట్ ముక్క పెట్టి ఇచ్చింది. "దానికా అమ్మా?" అన్నాను, అది వింటుండగానే.

"మొదటిసారి గడప తొక్కిన ఆడపిల్ల. నీ కోపం నీది, నా గడప నాది," అంది అమ్మ.

జంక్షన్ దాకా ఆటోలో శాలిని ఆ జాకెట్ ముక్కని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. ఏడవనిచ్చాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు మొహం తుడుచుకుని ఒక మాట చెప్పింది. "అది సీనియర్ల కాపీ కాదు మాధురీ. కొన్నాను. కాలేజీ వెనక సొలొమోను అన్న షాపులో."

ఆ షాపు తెలియనివాళ్ళు మా కాలేజీలో లేరు. జిరాక్సు, స్పైరల్ బైండింగు, రికార్డులు, ప్రాజెక్టులు. పరీక్షల ముందు గుళ్ళో ఎంత రద్దీయో అక్కడా అంతే. సొలొమోను అన్న తల మీద కళ్ళజోడు పెట్టుకుని, నేనడిగినదానికి దాపరికం లేకుండా జవాబు చెప్పాడు. తప్పు చేశానన్న అనుమానం ఉంటే కదా దాచుకోవడానికి.

"ఊరి పేరు, మనిషి పేరు ఖాళీగా వదిలేసి ఇస్తానమ్మా. మీరు నింపుకోవాలి. నింపినదానితో నాకు సంబంధం లేదు."

"ఇది మొట్టమొదట రాసిందెవరన్నా?"

"ఇంకెవరు, మీ వేణుగోపాల్ సారే. ఆయన పీహెచ్‌డీ టైపు కొట్టింది మన షాపులోనేగా. ఎక్కడో మెట్ట ప్రాంతంలో నేత ఊరట. అందులో ఒక అధ్యాయం సిస్టంలో ఉండిపోయింది. ఏటా ఎవరో ఒకళ్ళు పట్టుకెళ్తూనే ఉంటారు."

"సార్‌కి తెలుసా?"

"తెలియకపోతే దానికి ఏటా అన్ని మార్కులెందుకేస్తారమ్మా," అని నవ్వాడు.

తెలియదు. అదే విచిత్రం. నేను వెళ్ళి చెప్తే సార్ మొదట నమ్మలేదు. లేచి బీరువా తెరిచి, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలున్న తన థీసిస్ తీసి, వెతికి పేజీ తెరిచారు. అక్షరం పొల్లుపోలేదు. మగ్గం ఎప్పుడో తీసేశాను. ఎవరొచ్చి చూస్తారు కనక.

సార్ ఆ పేజీ మీద వేలు పెట్టి కుర్చీలో కూర్చున్నారు. తర్వాత మాట్లాడిన మనిషి నాకు అంతకుముందు తెలిసిన మనిషి కాదు.

"సైకిల్ మీద ఊరూరూ తిరిగేవాణ్ణమ్మా అప్పుడు. ఆ నేత మనిషి ఇంట్లో జొన్నరొట్టె పెట్టారు నాకు. తినేటప్పుడు ఆయన ఏడుస్తూ అన్న మాట ఇది. నా పేరు రాయొద్దు బాబూ, ఊళ్ళో తలెత్తుకోలేను అన్నాడు. అందుకే ఖాళీ వదిలాను."

ఒక మనిషి పరువు కోసం వదిలిన ఖాళీ అది. అందులో తీసుకొచ్చి మా నాన్నని కూర్చోబెట్టారు. నాకు ఆ క్షణాన సార్ మీద గౌరవం కలిగింది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ ఊళ్ళో ఆ మాట నిజమే. అడిగి తెలుసుకుని రాసిన మాట. కానీ ఆ గౌరవం ఎంతోసేపు నిలబడనివ్వలేదు ఆయన.

"శాలిని మీద చర్య తీసుకోవాలి. ఇది నా సొంత పరిశోధన. ఏళ్ళ తరబడి దొంగిలిస్తున్నారు," అన్నారు బల్ల మీద చరుస్తూ.

"మా నాన్న సంగతి సార్?"

"ఆఁ, అదీ తేలిపోయిందిగా. ఇప్పుడు అచ్చయిన ఆధారం దొరికింది. నా థీసిస్ పేరు, పేజీ నంబరుతో సహా ఇచ్చి సవరణ వేయిస్తాను. ఇంక ఎవరూ కాదనలేరు."

మా నాన్న మగ్గం మీద కూర్చుని ఉన్నాడనడానికి మా నాన్న చాలలేదు. ఆయన పుట్టి పెరిగిన ఊరి మొహం చూడని పుస్తకం చాలింది. నేను థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. థాంక్స్ చెప్పినందుకు మెట్ల మీద నన్ను నేనే తిట్టుకున్నాను.

సవరణ పడేసరికి శ్రావణం వెళ్ళిపోయింది. వీధుల్లో వినాయకుడి పందిళ్ళు లేచాయి. రిపోర్టు తీసెయ్యమంటే తీసెయ్యలేదు, బహుమతి వచ్చినది తీసేస్తే కాలేజీకి చెడ్డపేరట. అట్టడుగున చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలు చేర్చారు. మా కాలేజీ నుంచి ఎత్తుకుపోయిన మిగతా చోట్ల పాతదే ఉంది. అయినా జాహిద్ ఫోన్లో సరిచేయించమన్నాడు కదా, చూద్దామని ఇంటికెళ్ళి నాన్న ముందే ఫోన్ని అడిగాను. మా ఊరి చీరలు చేతిమగ్గం మీద నేసినవేనా?

"ఈ విషయంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి," అని చదివాను.

నాన్న నాడె ఆపి నా వైపు తిరిగాడు. "ఎవరికీ ఎవరికీ మధ్య?"

ఒక పక్క ఆయన ఉన్నాడు, రెండో పక్క ఎవరున్నారని చెప్పను? నాన్న గుంటలోంచి లేచాడు. కాళ్ళు కడుక్కుని చొక్కా వేసుకున్నాడు. మంచం మీద మూట భుజానికెత్తుకున్నాడు.

"పద. సాయిబు గారిది ఏ అభిప్రాయమో కనుక్కుందాం."

గవర్నర్‌పేటలో కొట్టు నిండా జనం ఉన్నారు. నాన్న ఎవర్నీ పట్టించుకోకుండా తిన్నగా రవూఫ్ గారి ముందుకి వెళ్ళి మూట దింపాడు. గొంతు పెంచలేదు.

"సాయిబు గారూ, ఈ మూట మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయట. మీదేదో చెప్పండి. విని వెళ్ళిపోతాను."

రవూఫ్ గారి వేళ్ళ మధ్య తస్బీ ఆగింది. ఆయన మూట వైపు చూసి, కొడుకు వైపు చూసి, మోకాళ్ళు పట్టుకుని లేచారు. వచ్చి, మూట మీద అరచెయ్యి పెట్టారు. "బిస్మిల్లా," అన్నారు. తర్వాత జాహిద్‌తో, "చేనేత అని రాయి. ఎలా తెలుసని ఎవరన్నా అడిగితే అబ్దుల్ రవూఫ్ చెప్పాడని రాయి," అన్నారు.

"ఈ మాట శ్రావణం రాకముందే అనుంటే బాగుండేది సాయిబు గారూ," అన్నాడు నాన్న.

"బాగుండేది," అన్నారు రవూఫ్ గారు. తల ఎత్తలేదు.

చెయ్యి పడ్డాక కూడా నాన్న కూర్చోలేదు. టీ తెస్తే నిలబడే తాగాడు. జాహిద్ చీర ఒకటి పరిచి ఫొటో తీసి, కింద టైపు కొట్టాడు. వెనక నుంచి చూశాను. చేనేత అని ఉంది. మా నాన్నగారి హామీ అని ఉంది, అంటే రవూఫ్ గారి హామీ. సార్ థీసిస్ తర్వాత రవూఫ్ గారి మాట. బాగానే ఉంది.

"నేసినవాళ్ళ పేరు కూడా పెట్టు జాహిద్," అన్నాను. "చౌడయ్య అని పెట్టు."

జాహిద్ వేలు ఆగిపోయింది. నాన్న వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"పెట్టొచ్చు మాధురీ. కానీ కొనేవాళ్ళు ఆ పేరు కొట్టి చూస్తారు. కొడితే ముందు ఆ పాత మాటే వస్తోంది."

గొంతు తగ్గించాడు గానీ నాన్నకి వినపడింది. గ్లాసు బల్ల మీద పెట్టి, మూట కట్టి తెచ్చిన గుడ్డ అడిగి తీసుకుని మడతపెట్టాడు. "వద్దులే బాబూ. అలాగే ఉండనీ," అన్నాడు.

నేను కూడా ఆయనతో ఊరు బయల్దేరాను. హాస్టల్‌కి పోబుద్ధి కాలేదు. బస్సు బెంజ్ సర్కిల్ దాటి హైవే ఎక్కింది. నాన్న ఆ మడతపెట్టిన గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ పిల్ల ఒక్కసారి వచ్చి అడిగుంటే, నా పేరు నేనే ఇచ్చేవాణ్ణి కదే," అన్నాడు.

ఇచ్చేవాడే. మగ్గం ఆపి, చాప వేయించి, అడిగినదానికల్లా జవాబు చెప్పి, పేరు పెట్టుకో తల్లీ అనేవాడే. అందుకే నా కోపం చల్లారదు.